కంచం వేరు చేయకండి, గొడుగు ఇవ్వండి

ఈ నెల మా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాలలో ఒకటి 11 పుటలున్నది. హోసూరు ప్రాంతం నుండి ఒక పెద్దాయన వ్రాశారు. వయస్సు 74 ఏళ్ళు. తాతల నాటి నుండి అక్కడే స్థిరపడిన కుటుంబం. బడిలో తమిళమూ, సంతలో కన్నడమూ నేర్చుకొని, తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో తల్లి దగ్గర దిద్దుకొన్నారట. "తప్పులుంటే సవరించి చదువుకొనండి" అని మొదటనే వ్రాసుకొన్నారు. సవరించవలసినవి మాకేమీ కనబడలేదు. ఒక్క మాట మాత్రం మూడు చోట్ల మూడు విధాలుగా ఉన్నది. అది వారి మనుమడి జబ్బు పేరు. డాక్టరు నోట విని తెలుగులో వ్రాసుకొన్న పేరు. దానిని తప్పులేకుండా వ్రాయడానికి మేమూ రెండు పర్యాయాలు కొట్టివేయవలసి వచ్చింది: ఎపిడెర్మోడిస్‌ప్లాసియా వెరూసిఫార్మిస్.

పత్రికలో జవాబు చెప్పడానికి వారు అనుమతించారు. ఐనా పేర్లూ, ఊరూ తీసివేశాము. మేము వైద్యులము కాము. చర్మవైద్యులను అడిగి, పుస్తకాలు తిరగవేసి వ్రాస్తున్నాము. పిల్లవాణ్ణి చూచే డాక్టరు మాటకు మా మాట అడ్డు రాకూడదు.

సంగతి ఇది. పిల్లవాడికి ఇప్పుడు 11 ఏళ్ళు. ఆరో ఏట నుదుటి మీద, మెడ మీద, ముంజేతుల మీద చదునైన మచ్చలు వచ్చాయి. కొన్ని పాలిపోయినట్టు, కొన్ని ఎర్రగా, మీద సన్నని పొట్టుతో. సిబ్బెం అనుకొని మందు పూశారు, తగ్గలేదు. తరువాత చేతుల వెనుక పులిపిరుల వంటివి లేచాయి. ఎవరో సున్నమూ చాకలిసోడా కలిపి పెట్టమన్నారు. పెట్టారు. పులిపిరులు పోలేదు గాని, కాలిన మచ్చలు మిగిలాయి. ఒకరు బొల్లి అన్నారు. ఒకరు సర్పదోషమన్నారు, దానికీ పూజ అయింది. చివరికి ఒక బంధువు శుభకార్యంలో నలుగురి మధ్య నిలబడి "కుష్ఠేమో చూపించారా?" అన్నాడు. ఆ రోజు నుండి ఆ ఇంట్లో పిల్లవాడి కంచమూ, గ్లాసూ, చాపా వేరైపోయాయి. వేరు చేసినది తల్లి కాదు, ఈ పెద్దాయనే. ఆ సంగతి దాచకుండా వ్రాశారు.

పోయిన ఏడు ఒక పట్నంలో చర్మవైద్యుడు చిన్న ముక్క చర్మం తీసి పరీక్ష చేయించి, కుష్ఠు కాదు, బొల్లి కాదు, ఇది అని పేరు చెప్పాడు. పేరు తెలిస్తే కొంత ఊరట కలగాలి. కాని ఆ పేరు పట్టుకొని ఇంట్లో కుర్రవాడొకడు టెలిఫోనులో వెదికితే, చేతులు చెట్టు వేళ్ళలా పెరిగిన మనుష్యుల బొమ్మలు కనిపించాయి. అది చూచిన తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదట.

పెద్దాయన అడిగిన ప్రశ్నలు నాలుగు. ఇది అంటుకొంటుందా? వీడు ఆ బొమ్మలలోని వారిలా ఐపోతాడా? ఎవరి వైపు నుండి వచ్చింది? ఇంట్లో తలపెట్టిన పెళ్ళి చేయవచ్చునా? ఉత్తరం అడుగున పిల్లవాడు పెన్సిలుతో వ్రాసిన ప్రశ్న ఒకటి వేరే ఉన్నది.

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంచెం వెనుకకు పోవాలి. ఈ జబ్బును 1922లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో లెవాండోవ్‌స్కీ, లుట్జ్ అనే ఇద్దరు చర్మవైద్యులు వర్ణించారు. అప్పుడు వారు దీనిని పుట్టుకతో వచ్చిన చర్మదోషమనే తలచారు. పేరులోనే ఆ అర్థమున్నది. తరువాత 1946లో ఆ లుట్జ్‌గారే, మచ్చలోని పదార్థాన్ని చర్మంలో మరొకచోట ఎక్కించి చూచి, ఇందులో వైరస్ ఉన్నదని చూపారు. మరి పుట్టుకతో వచ్చిన దోషమా, బయటి నుండి వచ్చిన వైరసా? ఈ తగవు చాలా ఏళ్ళు నడిచింది. తీరా తేలినదేమంటే, రెండూ నిజమే.

పులిపిరులు కలిగించే వైరసులు ఒక పెద్ద కుటుంబం. రెండు వందలకు పైగా రకాలు గుర్తించి వాటికి అంకెలు పెట్టారు. వాటిలో ఒక శాఖవారు, ముఖ్యంగా 5, 8 అంకెలవారు, ఈ జబ్బులో కనిపిస్తారు. ఇక్కడ పెద్దాయన జాగ్రత్తగా చదవాలి. ఈ శాఖ వైరసులు వారి మనుమడి ఒంటి మీదనే కాదు, వారి ఒంటి మీదా, మా ఒంటి మీదా, ఈ పుట చదువుతున్న వారిలో చాలామంది ఒంటి మీదా ఉన్నవి. పుట్టిన కొద్ది నెలలలోనే తల్లిదండ్రుల చర్మం నుండి పసిబిడ్డ చర్మానికి చేరుతవి. కనుబొమ వెంట్రుక ఒకటి పీకి పరీక్షిస్తే ఎందరి దగ్గరో దొరుకుతవి. మనలను ఏమీ చేయవు. ఉన్నట్టు కూడా మనకు తెలియదు.

ఎందుకు చేయవంటే, మన చర్మకణాలలో వాటికి ఒక గడియ ఉన్నది. 2002లో పారిస్ పాశ్చర్ సంస్థ పరిశోధకులు 17వ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులను పట్టుకొన్నారు. ఎవర్-1, ఎవర్-2 అని పేర్లు. 2018లో సిబ్-1 అనే మూడోది బయటపడింది. ఈ మూడింటి నుండి తయారయ్యే పదార్థాలు మూడూ కలిసి ఒక గడియలా పనిచేస్తాయని తేలింది. మూడింటిలో ఏది చెడినా గడియ పడదు. అప్పుడు అందరి ఇంటి ముందూ ఊరికే తిరిగే ఈ వైరసులు ఆ ఒక్క ఇంట్లో దూరి కాపురం పెడతవి. ఈ జబ్బువారిలో సుమారు ముప్పావు వంతు మందిలో ఎవర్ జన్యువులలోనే దోషం కనిపించింది.

కాబట్టి మనుమడి కంచంలో తిన్నవారికి ఈ జబ్బు రాదు. వాడి పక్కన పడుకొన్నా రాదు. వైరస్ ఇదివరకే అందరి దగ్గరా ఉన్నది. గడియ లేనిది వాడొక్కడికే. ఇంట్లో ఎవరి తువ్వాలు వారికి ఉండడం మంచి అలవాటే. అది ఒక్కరికి పెట్టే నియమం కాదు, అందరికీ పెట్టుకోవలసినది. కంచం మాత్రం ఈ సంచిక చేరిన పూటనే వంటింట్లో అందరి కంచాల మధ్య పెట్టవలసిందని పెద్దాయనను ప్రార్థిస్తున్నాము.

ఆ బంధువు అన్న కుష్ఠు మాట కూడా ఇక్కడే తీర్చివేస్తాము. కుష్ఠు మచ్చలో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది; పత్తితో తాకితే తెలియదు. ఈ మచ్చలలో స్పర్శ చక్కగా ఉంటుంది. ఐనా ఇంట్లో పత్తి పట్టుకొని ఎవరూ తీర్పు చెప్పకూడదు. మచ్చను డాక్టరుకు చూపాలి. పైగా కుష్ఠే ఐనా అది మందులతో నయమయ్యే జబ్బు. దానికి కూడా కంచం వేరు చేయనక్కరలేదు.

మరొక అనుమానం పెద్దాయన అడగలేదు గాని తల్లులు అడుగుతారు. వైరస్‌కు లోబడే శరీరం కదా, ఆటలమ్మ వస్తే, పొంగు వస్తే ఏమౌతాడు? ఈ జబ్బు మామూలు రూపంలో ఉన్నవారికి మిగతా అంటువ్యాధులను ఎదుర్కొనే శక్తి అందరిలాగే ఉంటుంది. గడియ ఊడినది ఒక్క తలుపుకే. కొందరిలో మాత్రం ఇవే మచ్చలు రోగనిరోధక శక్తి మొత్తంలో ఉన్న లోపానికి గుర్తుగా వస్తవి. అటువంటివారికి తరచు జ్వరాలూ, ఊపిరితిత్తుల జబ్బులూ, చీము పుళ్ళూ ఉంటవి. అవయవ మార్పిడి చేయించుకొన్నవారిలోనూ, హెచ్.ఐ.వి. ఉన్నవారిలోనూ పెద్దయిన తరువాత ఇట్టి మచ్చలు రావచ్చు. అందువలన రక్తపరీక్ష చేయించి ఇది ఏ తెగకు చెందినదో డాక్టరు తేల్చుకోవడం అవసరం. పెద్దాయన ఉత్తరాన్ని బట్టి పిల్లవాడు ఆటపాటలలో చురుకుగానే ఉన్నాడు, తరచు జబ్బుపడలేదు. అది మంచి సూచనే.

ఇక చెట్టు మనిషి సంగతి. ఇండోనేషియాలో ఒకాయన ఉండేవాడు. ఆయన చేతులూ కాళ్ళూ బెరడు కట్టిన కొమ్మలలా అయిపోయాయి. 2008లో శస్త్రచికిత్స చేసి కిలోల కొద్దీ తీసివేశారు, మళ్ళీ పెరిగాయి. 2016 జనవరిలో మరణించాడు. ఆ నెలలోనే బంగ్లాదేశ్ నుండి మరొక యువకుడి వార్త వచ్చింది. ఢాకా వైద్యకళాశాల ఆసుపత్రిలో చేరి ఎన్నో ఆపరేషన్లు చేయించుకొన్నాడు. పత్రికలు ఇద్దరికీ ఒకే పేరు తగిలించాయి. ఆ బొమ్మలే హోసూరు దాకా వచ్చి ఒక తల్లి అన్నం మాన్పించాయి. ఈ జబ్బు ఉన్నవారిలో చాలామందికి ఉండేవి చదునైన మచ్చలూ, చిన్న పులిపిరులూ మాత్రమే. కొమ్మలు మొలవవు. 2021లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఇరాన్ దేశస్థుడైన ఒక చెట్టు మనిషిని పరీక్షిస్తే గడియా వేరు, దొంగా వేరు అని తేలింది. అతనిలో లోపించినది చర్మకణాలలోని ఈ గడియ కాదు, రక్తంలో కావలి కాసే టి-కణాల మీద ఉండే సి.డి. 28 అనే పదార్థం. పెరిగినది 5వ రకమూ కాదు, 8వ రకమూ కాదు, 2వ రకం వైరస్. కాబట్టి ఆ తల్లిని భోజనం చేయమని చెప్పండి. టెలిఫోనులో పేరు వెదికే కుర్రవాళ్ళకు మాత్రం మేమేమి చెప్పినా వినరు.

ఐతే భయపడవలసినది ఇందులో ఏమీ లేదని మేము వ్రాస్తే మోసం చేసినవారమవుతాము. ఉన్నది. చెట్టు కాదు, ఎండ.

ఈ మచ్చలలో కొన్ని ఏళ్ళు గడిచాక, సాధారణంగా 20 నుండి 40 ఏళ్ళ వయస్సులో, చర్మపు కాన్సరుగా మారతవి. వైద్యగ్రంథాలు నూటికి 30 నుండి 60 మందికి అట్లా జరుగుతుందని వ్రాస్తున్నవి. ఎక్కడ మారతవి? నుదుటి మీద, ముఖం మీద, చేతుల వెనుక. అంటే ఎండ తగిలేచోట. గుడ్డ కప్పి ఉన్నచోట మచ్చలు ఎన్నో ఏళ్ళు మచ్చలుగానే ఉండిపోతవి. నల్లని చర్మం గలవారిలో ఈ మార్పు తక్కువగా కనబడిందని కూడా ఉన్నది. అంత మాత్రాన మన రంగును నమ్ముకొని ఊరుకోరాదు.

వింత ఏమంటే, ఇంత అరుదైన జబ్బు లోకానికంతటికీ ఒక పాఠం చెప్పింది. వార్సాలో స్టెఫానియా యబ్లోన్‌స్కా అనే డాక్టరమ్మ ఏళ్ళ తరబడి ఈ రోగులను చూచి, వైరస్ వలన మనిషికి కాన్సరు ఎట్లా వస్తుందో తెలుసుకోవడానికి ఇదే చక్కని నమూనా అని 1972లో వ్రాసింది. తరువాత పారిస్‌లోని జెరార్ ఓర్త్‌తో కలిసి ఈ మచ్చలలో 5వ రకం వైరస్‌ను గుర్తించింది. ఈ కుటుంబంలోనే మరొక శాఖ గర్భాశయ ముఖద్వారపు కాన్సరుకు కారణమని చూపిన హరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. నేడు ఆడపిల్లలకు వేస్తున్న టీకా ఆ దారిలో వచ్చినదే. ఆ టీకా మా మనుమడికి వేయించవచ్చా అని పెద్దాయన అడగవచ్చు. తొమ్మిది రకాలకు పనిచేసే టీకాలో కూడా 5, 8 లేవు. కాబట్టి ఈ జబ్బు దానితో తగ్గదు.

మరి మందు? పూర్తిగా నయం చేసే మందు నేటికి లేదు. పూతలున్నవి, గడ్డకట్టించి రాల్చే పద్ధతి ఉన్నది, విటమిను-ఏ జాతి మాత్రలున్నవి. కొంత తగ్గుతవి, ఆపితే మళ్ళీ వస్తవి. ఆ మాత్రలలో ఒకటైన అసిట్రెటిన్ వాడిన స్త్రీలు మానిన తరువాత కూడా మూడేళ్ళ దాకా గర్భం ధరించరాదు. బిడ్డకు అంగవైకల్యం వస్తుంది. ఆడపిల్లలున్న ఇళ్ళవారు ఇది గుర్తుంచుకోవాలి. మరొకటి, ఈ జబ్బువారిలో కాన్సరు వస్తే ఎక్స్‌రే కిరణాల చికిత్సకు వైద్యులు ఒప్పుకోరు. కోసి తీసివేయడమే మేలంటారు. త్వరగా చూచుకొంటే చిన్న కోతతో పోతుంది. చాలా కాలం దూరం పాకదు కూడా.

కాబట్టి పిల్లవాడికి కావలసినది వేరే కంచం కాదు, గొడుగు. మాటవరసకు అనడం లేదు. నిజంగా నల్లగొడుగు ఒకటి కొనిపెట్టండి. బడికి పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పు టోపీ. ముఖానికీ చేతులకూ ఎండ తగలకుండా పూసుకొనే లేపనం, డాక్టరు చెప్పినది, రోజూ. మబ్బు రోజున కూడా. పగలు 10 నుండి 4 గంటల దాకా మైదానంలో నిలబెట్టవద్దని ప్రధానోపాధ్యాయుడికి డాక్టరు చేత ఒక చీటీ వ్రాయించండి. చీటీ లేకపోతే డ్రిల్లు మాస్టరు వినడు. ఇది మా అనుభవం. పెద్దయి బ్రతుకుతెరువు చూచుకొనే నాడు కూడా పొలం పని, రోడ్డు పని కాకుండా నీడపట్టున చేసే పని ఎంచుకోవాలి. చదువు ఆపించడానికి ఆలోచిస్తున్నామని ఒకచోట వ్రాశారు. ఆపిస్తే వాడికి మిగిలేది ఎండలోని పనే. ఆలోచించండి.

ఆదివారం తలంటి పోసేటప్పుడు తల్లి వాడి ఒళ్ళంతా మంచి వెలుతురులో చూడాలి. కాగితం మీద ముందు వైపు, వెనుక వైపు మనిషి బొమ్మ గీసుకొని, పెద్ద మచ్చలున్నచోట చుక్కలు పెట్టుకొంటే వచ్చే నెల పోల్చవచ్చు. ఏదైనా మచ్చ మందమెక్కినా, నెల దాటినా మానని పుండైనా, ఊరికే రక్తం కారినా, గడ్డలా లేచినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపాలి. ఏమీ లేకపోయినా డాక్టరు చెప్పిన గడువుకు వెళ్ళి రావాలి. సున్నమూ సోడా, జీడిగింజ చమురూ మాత్రం ఇక ఇంటి గడప దాటి రాకూడదు. పుండు మీద పుండైతే ఏది జబ్బో ఏది కాల్చిన మచ్చో డాక్టరుకే తెలియకుండా పోతుంది.

ఇప్పుడు ఎవరి వైపు నుండి అన్న ప్రశ్న. పుటలు తిరగవేస్తూ ఇక్కడికి వచ్చేసరికి మాకు మనస్సు బరువైంది. పెద్దాయన తన కుమార్తెను స్వంత చెల్లెలి కొడుక్కే ఇచ్చారు. మేనరికం. పిల్లవాడికి మచ్చలు వచ్చిన నాటి నుండి ఆ చెల్లెలుగారు, "ఇది మా వంశంలో లేదు, వదిన తెచ్చింది" అంటున్నారు. వదిన, అంటే పెద్దాయన భార్య, చిత్తూరు వైపు నుండి వచ్చిన పిల్ల; ఇంటికి బయటి సంబంధం ఆమె ఒక్కతే. అయిదేళ్ళుగా ఆమె ఈ మాట పడుతున్నది. బదులు చెప్పలేదట.

ఆ మాట తప్పు. ఎందుకో చూడండి. ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులు ఉంటుంది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. ఈ జబ్బులో ఒక ప్రతి చెడినా రెండోది బాగుంటే గడియ పడుతుంది, మనిషికి ఏమీ కాదు. రెండూ చెడితేనే జబ్బు. కాబట్టి పిల్లవాడికి చెడిన ప్రతి తల్లి నుండీ వచ్చింది, తండ్రి నుండీ వచ్చింది. ఇటువంటి చెడిన ప్రతి లోకంలో చాలా అరుదు. రెండు వేర్వేరు వంశాల నుండి వచ్చి ఒకే బిడ్డలో కలవడం కంటె, ఒకే ఇంటి నుండి రెండు దారుల వచ్చి కలవడమే ఎక్కువ సంభవం. ఆ ఒకే ఇల్లు ఏది? పిల్లవాడి తల్లికి తండ్రి పెద్దాయన. పిల్లవాడి తండ్రికి తల్లి ఆయన చెల్లెలు. ఆ అన్నాచెల్లెళ్ళను కన్న తల్లి నుండో, తండ్రి నుండో ఒక చెడిన ప్రతి ఇద్దరికీ వచ్చి, ఇద్దరిలోనూ నిద్రపోయి, రెండు తరాల తరువాత ఈ పిల్లవాడిలో కలుసుకొన్నది. దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. చిత్తూరు నుండి వచ్చిన ఇల్లాలికి ఇందులో పాలు లేదు.

ఇందులో పెద్దాయన తప్పూ లేదు, చెల్లెలుగారి తప్పూ లేదు. ఇటువంటి చెడిన ప్రతులు ఏవో కొన్ని ప్రతి మనిషిలోనూ ఉంటవి. తండ్రిగారి ముక్కు వచ్చినట్టే ఇదీ వచ్చింది. ఐతే అయిదేళ్ళు మాట పడిన మనిషికి ఈ నాలుగు పంక్తులు ఎవరైనా చదివి వినిపించాలి. చెల్లెలుగారే చదివితే మరీ మంచిది.

నాలుగో ప్రశ్న పెళ్ళి గురించి. పిల్లవాడి అక్కకు 20 ఏళ్ళు. ఆమెకు మచ్చలు లేవు. ఆమెను మేనమామకు, అంటే పెద్దాయన చిన్న కొడుక్కు, మాఘమాసంలో ఇవ్వాలని అనుకొన్నారు.

మేనరికాన్ని మేము ఊరికే తిట్టబోము. మా ఇంట్లోనూ అవే పెళ్ళిళ్ళు. తమిళనాడులోనో, కన్నడ దేశంలోనో, ఒరిస్సాలోనో పది తరాలుగా ఉంటున్న మనకు, తెలుగు మాట్లాడే కోడలు కావాలంటే అక్క ఇల్లో, అత్త ఇల్లో తప్ప మరో దిక్కు లేకపోయింది. మేనరికాలు లేకపోతే ఈ పత్రిక చదివేవారు ఎందరు మిగిలేవారో మాకు సందేహమే. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఆచారమున్నచోట ఇట్టి పెళ్ళిళ్ళను ఒప్పుకొన్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాట నూటికి 28, కర్ణాటకలో నూటికి 27 పెళ్ళిళ్ళు దగ్గరి బంధువుల మధ్య జరిగినవేనని లెక్క. మనం ఒక్కరమే కాదు. ఐతే ఒకసారి ఇంట్లో ఇటువంటి జబ్బు బయటపడ్డాక లెక్క వేరు.

ఆ లెక్క వేస్తే ఇట్లా వస్తుంది. పెద్దాయనలో చెడిన ప్రతి ఒకటి ఉన్నది. కాబట్టి ఆయన కొడుకులో ఉండడానికి రెండింట ఒక వంతు అవకాశం. జబ్బు లేని అక్కలో నిద్రపోతూ ఉండడానికి మూడింట రెండు వంతులు. ఇద్దరిలోనూ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు. మూడూ గుణిస్తే 12లో 1. ఆ అమ్మాయికే బయటి సంబంధం చేస్తే ఈ జబ్బు భయం లెక్కకు రానంత స్వల్పం.

12లో 1 తక్కువే కదా అని ఎవరైనా అనవచ్చు. అనేవారు ఈ 11 పుటలూ చదివి అనాలి. ఊహించుకొనే అవసరం కూడా లేదు, పరీక్ష ఉన్నది. మొదట పిల్లవాడి రక్తంలో ఏ జన్యువు ఎక్కడ చెడినదో కనుక్కోవాలి. అది తెలిశాక అక్క రక్తమూ, మేనమామ రక్తమూ ఆ ఒక్కదాని కోసం చూస్తారు. వరుస మారితే డబ్బు దండుగ. ఇద్దరిలో ఒక్కరిలో లేకపోయినా, బిడ్డలకు ఈ జబ్బు వస్తుందనే భయం ఉండదు. ఇద్దరిలోనూ ఉంటే మా మాట స్పష్టం: ఆ సంబంధం వద్దు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రిలోనూ, హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలోనూ జన్యువైద్య విభాగాలున్నవి. హోసూరువారికి వేలూరు దగ్గర. ఫలితం వచ్చేదాకా తాంబూలాలు ఆపండి. ముహూర్తాలు మాఘంలో కాకపోతే ఫాల్గుణంలో ఉంటవి.

మరొక్క మాట. 11 పుటలలో చిన్న కొడుకు జీతమెంతో ఉన్నది, పొలమెంతో ఉన్నది, పెళ్ళి ఖర్చు అంచనా కూడా ఉన్నది. ఆ అమ్మాయి ఏమన్నదో ఒక్క పంక్తి లేదు. ఆమెను కూర్చోబెట్టి పైన వ్రాసిన లెక్కంతా ఆమెకే చెప్పండి. బిడ్డలను కనవలసినది ఆమె.

పెన్సిలు ప్రశ్న మిగిలింది. "నేను క్రికెట్ ఆడొచ్చా? తాత వద్దంటాడు" అని ఉన్నది. ఆడవచ్చు నాయనా. సాయంత్రం 4 దాటి ఎండ వాలాక, పొడుగు చేతుల చొక్కా వేసుకొని, టోపీ పెట్టుకొని, ముఖానికి లేపనం పూసుకొని ఆడు. బంతి తగిలి చర్మం గీరుకొంటే అమ్మకు చూపించు. మీ తాతగారికి మేము వేరే ఉత్తరం వ్రాస్తున్నాము.